తాళగంధి: సింహగిరి వచనాల గాన స్వరూపం – మధ్యయుగ సంగీతశాస్త్ర దృష్టి

వ్యాస సంగ్రహం

సింహగిరి నరహరి వచనాలు తెలుగు సాహిత్య చరిత్రలో తొలి వచన రచనలుగా ప్రసిద్ధం. వాటి గాన స్వరూపంపై మాత్రం చర్చ తక్కువ. తాళ్లపాక చిన తిరుమలాచార్యుడు సంకీర్తన లక్షణంలో వాడిన ‘తాళగంధి’ అనే మాటను ఆధారంగా చేసుకొని, నాట్యశాస్త్రం, సంగీతరత్నాకరం అందించే పరిభాష వెలుగులో ఈ వచనాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వచనం పాఠ్యానికీ గేయానికీ నడుమ నిలిచిన ప్రదర్శన రూపమనీ, దానిని లిఖిత గద్యంగా మాత్రమే చదివితే దాని నిర్మాణంలో ముఖ్యభాగం మరుగున పడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కృష్ణమాచార్యుడు, సింహగిరి వచనాలు, తాళగంధి, చూర్ణిక, గద్య ప్రబంధం, పాఠ్యగుణాలు, ఉత్తరాంధ్ర

1. ప్రస్తావన

మధ్యయుగ సంగీతాన్ని అధ్యయనం చేసేవారికి ప్రధానంగా నాలుగు రకాల ఆధారాలు లభిస్తాయి. అవి లక్షణ గ్రంథాలు, శాసనాలు, గేయాల పాఠాలు, నేటికీ సాగుతున్న ప్రదర్శన సంప్రదాయాలు. ఈ నాలుగూ ఒకే విషయాన్ని ఒకే తీరున చెప్పవు. లక్షణ గ్రంథం ఉండవలసిన రూపాన్ని నిర్దేశిస్తుంది. శాసనం ఎవరికి ఏ వృత్తి ఇచ్చారో, ఎవరు ఏ సేవ చేయాలో నమోదు చేస్తుంది. గేయపాఠం మాటలను దాచిపెడుతుంది గాని స్వరాన్ని దాచదు. ప్రదర్శన సంప్రదాయం ధ్వనిని వినిపిస్తుంది, కాని ఆ ధ్వని వయస్సెంతో చెప్పదు.

తెలుగు నేలపై లక్షణ గ్రంథాలకు కొదవ లేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయపుడు 1253–54లో నృత్తరత్నావళిని రచించాడు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరానికి రాచకొండ ప్రభువు సింగభూపాలుడు సంగీతసుధాకరమనే వ్యాఖ్య రచించాడు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం నాటి గాన, వాద్య, నృత్య పరిభాషకు గని వంటిది. ఉత్తరాంధ్ర నుండి ఇటువంటి లక్షణ గ్రంథం కంటే విశేషమైన మరొక ఆధారం లభిస్తున్నది. అదే సింహగిరి వచనాల పాఠం.

ఈ పాఠాన్ని తెలుగు శాఖలు గద్యచరిత్రలో భాగంగా బోధిస్తున్నాయి. రాగతాళ నిర్దేశం లేనందున సంగీత శాఖలు దానిని తమ పరిధిలోకి తీసుకోవడం అరుదు. ఈ విభజనకు మధ్యయుగ శాస్త్రంలో ఆధారం లేదు. నాటి శాస్త్రానికి గద్యం కూడా గానయోగ్యమే.

2. ఉత్తరాంధ్ర నేపథ్యం

నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, వాటిని ఆనుకొన్న విశాఖపట్నం ప్రాంతం మధ్యయుగంలో ఒకే సాంస్కృతిక మండలం. వంశధార తీరంలోని శ్రీముఖలింగం తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరంగా గుర్తింపు పొందింది. శ్రీకూర్మం, సింహాచలం గాంగుల కాలంలో వైష్ణవ క్షేత్రాలుగా వర్ధిల్లాయి. సింహాచలం నేడు విశాఖపట్నం జిల్లాలో ఉన్నా, విజయనగరం పూసపాటి రాజవంశమే ఆ ఆలయానికి వంశపారంపర్య ధర్మకర్తలు. కనుక సింహగిరి వచనాలను ఈ మండలం మొత్తానికి చెందిన వారసత్వంగా పరిగణించడం సమంజసం.

కృష్ణమాచార్యుడు 13వ శతాబ్ది ఉత్తరార్ధంలోనూ 14వ శతాబ్ది తొలినాళ్లలోనూ జీవించినట్లు సాహిత్య చరిత్రకారులు భావిస్తారు. ఆయన శ్రీవైష్ణవుడు, సింహాచల నృసింహుని భక్తుడు. ఆయన గానానికి స్వామి నర్తించేవాడని స్థలకథ. దీనిని చారిత్రక వృత్తాంతంగా గ్రహించనక్కరలేదు. అయితే వచనకర్తను ఆ కథ గాయకునిగా గుర్తుంచుకొన్నదన్న సంగతి పరిశోధకునికి విలువైనది. వచనాన్ని ‘రాశాడు’ అని కాక ‘పాడాడు’ అని చెప్పడంలో ఆ రూపాన్ని గురించిన ఒక సామూహిక అవగాహన ఇమిడి ఉంది.

అదే శతాబ్దంలో శ్రీకూర్మంలో మరొక ధార కనిపిస్తుంది. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు గాంగ రాజ్యపాలనలో ప్రముఖపాత్ర వహించారు. శ.సం. 1203 (క్రీ.శ. 1281) నాటి శ్రీకూర్మ శాసనం ఆయన యోగానంద నృసింహునికి ఆలయం నిర్మించిన సంగతిని తెలుపుతుంది. కన్నడ హరిదాస సంప్రదాయం ఆయనను తొలి దేవరనామ కర్తలలో ఒకరిగా లెక్కిస్తుంది. అంటే ఒకే కాలంలో, ఒకే మండలంలో, నృసింహ భక్తులైన ఇద్దరి పేర్లు రెండు భిన్న గేయరూపాలతో ముడిపడ్డాయి. ఒకటి పల్లవి, చరణాల వైపు సాగే పదం. మరొకటి ఛందస్సునూ తాళాన్నీ వదిలిన వచనం. వచనరూపాన్ని ఎన్నుకోవడం వెనుక గేయరూపం తెలియకపోవడం కారణం కాదని ఈ సహజీవనం సూచిస్తుంది.

3. శాస్త్రంలో గద్యం స్థానం

13వ శతాబ్ది పూర్వార్ధంలో దేవగిరి యాదవ సింఘణుని ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో ఏడు అధ్యాయాలున్నాయి. నాల్గవదైన ప్రబంధాధ్యాయం గానాన్ని అనిబద్ధం, నిబద్ధం అని రెండుగా విభజిస్తుంది. రాగాలాపన వంటిది అనిబద్ధం. ధాతువులతో, అంగాలతో కూర్చిన రచన నిబద్ధం. దీనికే ప్రబంధం, వస్తువు, రూపకం అనే పేర్లు.

ఉద్గ్రాహం, మేలాపకం, ధ్రువం, ఆభోగం అనేవి ప్రబంధ ధాతువులు, అనగా రచనలోని భాగాలు. స్వరం, బిరుదం, పదం, తేనకం, పాటం, తాళం అనేవి ఆరు అంగాలు. ఆరు అంగాలూ ఉన్న ప్రబంధం మేదినీ జాతికి చెందుతుంది. అయిదుంటే ఆనందినీ, నాలుగుంటే దీపనీ, మూడుంటే భావనీ, రెండే ఉంటే తారావళీ జాతి. ఇక ఛందస్సు, తాళం మొదలైన నియమాలకు లోబడినది నిర్యుక్తం, లోబడనిది అనిర్యుక్తం.

ఈ వ్యవస్థలో రెండు అంశాలు ప్రస్తుత చర్చకు కీలకం. మొదటిది, ఆరు అంగాలూ ఉంటేనే ప్రబంధమనే నియమం లేదు, రెండంగాలున్నా చాలు. రెండవది, ఆలిక్రమ ప్రబంధాల పట్టికలో గద్యం ఒక ప్రబంధంగా స్పష్టంగా పేర్కొనబడింది. ఉత్కలిక, చూర్ణం, లలితం, వృత్తగంధి, ఖండం, చిత్రం అని శార్ఙ్గదేవుడు గద్యాన్ని ఆరు విధాలుగా విభజించాడు. ద్రుత, మధ్య, విలంబితాలనూ వాటి మిశ్రమాలనూ గద్యానికి గతులుగా చెప్పాడు. కంటితో చదివే గద్యానికి గతిభేదం చెప్పవలసిన అవసరం లేదు. గొంతుతో పలికే గద్యానికే అది అవసరం.

ఈ విభాగంలోని కొన్ని పేర్లు అలంకారశాస్త్రం నుండి వచ్చినవే. వామనుడు కావ్యాలంకార సూత్రాలలో గద్యాన్ని వృత్తగంధి, చూర్ణం, ఉత్కలికాప్రాయం అని మూడు విధాలుగా చెప్పాడు. అక్కడక్కడ వృత్తపు పోకడ తగిలేది వృత్తగంధి. దీర్ఘసమాసాలు లేక, లలితమైన పదాలతో సాగేది చూర్ణం. దీర్ఘసమాసాలతో ఉద్ధతంగా సాగేది ఉత్కలికాప్రాయం. ఈ సాహిత్య పరిభాషను సంగీతశాస్త్రం తనలో కలుపుకొని గానానికి అన్వయించింది.

4. ‘తాళగంధి’ – పదం, భావం

అన్నమాచార్యుడు సంస్కృతంలో సంకీర్తన లక్షణం రచించాడనీ, అది లభించడం లేదనీ, ఆయన మనుమడు చిన తిరుమలాచార్యుడు తెలుగులో చేసిన రచనే నేడు మిగిలిందనీ ప్రసిద్ధం. 16వ శతాబ్దికి చెందిన ఈ రచనలో కృష్ణమాచార్యుని వచనాలు తాళగంధి చూర్ణికలుగా పేర్కొనబడ్డాయి. పదాన్ని నిర్వచించే లక్షణ గ్రంథంలో, పదకర్తల వంశానికి చెందినవాడు, ఈ వచనాలకు చోటివ్వడమే వాటి గేయత్వానికి తొలి సాక్ష్యం.

తాళగంధి అనే మాట వృత్తగంధి నమూనాలో ఏర్పడింది. వృత్తం లేకున్నా వృత్తపు వాసన ఉన్నది వృత్తగంధి. అదే విధంగా తాళంలో బంధింపబడకున్నా తాళపు వాసన ఉన్నది తాళగంధి. ఈ మాట ఒకేసారి రెండు విషయాలు చెబుతుంది: వచనంలో తాళం లేదు, అయితే అది తాళానికి పూర్తిగా దూరమూ కాదు. సాహిత్యలాక్షణికుడు పద్యానికి ఎంత దూరమని కొలిచిన చోట, పదలాక్షణికుడు తాళానికి ఎంత దూరమని కొలిచాడు. కొలమానం ఛందస్సు నుండి లయకు మారింది.

వాసన అనే ఈ అంశాన్ని మాత్రల లెక్కలో చూపవచ్చు. వివరణ కోసమే కల్పించిన ఒక సామాన్య వాక్యాన్ని గమనిస్తే విషయం స్పష్టమవుతుంది: “వచ్చినవారు వచ్చిరి, వెళ్లినవారు వెళ్లిరి, మిగిలినవారు మిగిలిరి, చివరికి ఆ వాకిట దీపం ఒక్కటే నిలిచింది.” మొదటి మూడు ఖండాలలోనూ 7+4 చొప్పున 11 మాత్రలున్నాయి. మూడవ ఖండం ముగిసేసరికి శ్రోత చెవి నాల్గవ ఆవృత్తికి సిద్ధపడుతుంది. అయితే నాల్గవ ఖండం 24 మాత్రలకు విస్తరించి, ఆ విరుపును పాటించకుండా సాగిపోతుంది. ఏర్పడబోయిన లయ ఏర్పడకుండానే వాక్యం అర్థంలో విశ్రమిస్తుంది.

ఇదే వాక్యాన్ని 11 మాత్రల ఆవృత్తిలో చివరిదాకా నడిపితే అది రగడ వంటి మాత్రాబద్ధ రచన అవుతుంది. ఒకే గణాన్ని ఆపకుండా ఆవర్తనం చేస్తే దండకానికి దగ్గరవుతుంది. సమాన ఖండాలేవీ లేకుండా చేస్తే సాధారణ గద్యమవుతుంది. తాళగంధి ఈ మూడింటికీ భిన్నం. లయను సూచించడం, సడలించడం, తిరిగి సూచించడం దాని పద్ధతి. కనుక వచనాలను పరిశీలించేటప్పుడు సమాంతర వాక్యఖండాలు, క్రియాంతాల పునరావృత్తి, పట్టికలుగా సాగే నామాలు, సంబోధనలు శైలీ విశేషాలు మాత్రమే కావు. అవి లయస్థానాలు కూడా.

ఇందులో వచనాంత సంబోధనకు ప్రత్యేక స్థానముంది. ప్రతి వచనమూ సింహగిరి నరహరిని సంబోధిస్తూ ముగియడాన్ని సాహిత్య విమర్శ మకుటం అంటుంది. ప్రబంధశాస్త్రంలో కర్తృనామానికీ నాయకనామానికీ స్థానం ఆభోగం. సంబోధన ఇక్కడ ఆభోగంలా రచనకు ముగింపును సూచిస్తుంది. సామూహిక పఠనంలో అందరి గొంతులు కలిసే చోటుగా పనిచేయగల స్వభావమూ దానికుంది. పదం, బిరుదం అనే రెండంగాలను మాత్రమే లెక్కించినా వచనం తారావళీ జాతి, అనిర్యుక్త ప్రబంధాల లక్షణానికి సన్నిహితంగా వస్తుంది. దీనిని తీర్మానంగా కాక, ప్రతి వచనంపైనా పరీక్షించదగిన పరికల్పనగా గ్రహించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తాళగంధి అనే మాట కృష్ణమాచార్యునిది కాదు. ఆయనకు సుమారు రెండు శతాబ్దాల తరువాత తాళ్లపాకవారు వాడినది. అది వారి చెవికి వచనం ఎలా వినిపించిందో చెబుతుంది. అయితే ఆ చెవి సామాన్యమైనది కాదు. పెద తిరుమలాచార్యుడు స్వయంగా వచనాలు రచించాడు. వాటిలో ఒక సంపుటికి వైరాగ్యవచనమాలికా గీతాలని పేరు. వచనం, గీతం అనే రెండు మాటలు ఒకే శీర్షికలో నిలవడం వారి దృష్టిలో ఆ రెండింటికీ వైరుధ్యం లేదనడానికి నిదర్శనం.

5. పాఠ్యానికీ గేయానికీ నడుమ

వచనం ఏ స్వరాలతో పలికేవారన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే స్వరలిపి లేదు. ఎలా పలకాలన్న విషయంలో శాస్త్రం మౌనంగా లేదు. నాట్యశాస్త్రం పాఠ్యగుణాలను చెబుతూ ఏడు స్వరాలు, మూడు స్థానాలు, నాలుగు వర్ణాలు, రెండు కాకువులు, ఆరు అలంకారాలు, ఆరు అంగాలు పేర్కొన్నది. పలికే మాటకు కూడా స్వరస్థానాలను విధించడం ఇందులోని విశేషం. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం, కంపితం నాలుగు వర్ణాలు. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం ఆరు అలంకారాలు.

పాఠ్యాంగాలు ఆరూ వచనానికి మరింత ఉపయుక్తం. విచ్ఛేదం విరామం. అర్పణం మధురమైన గొంతుతో రంగస్థలాన్ని నింపుతున్నట్లు పలకడం. విసర్గం వాక్యాన్ని ముగించడం. అనుబంధం ఊపిరి తెగకుండా పదాలను కలుపుకుపోవడం. దీపనం మంద్రం నుండి తారానికి క్రమంగా గొంతును పెంచడం. ప్రశమనం తారానికి చేరిన గొంతును అపశ్రుతి లేకుండా దించడం. సమాంతర ఖండాలు వరుసగా వచ్చే వచనంలో అనుబంధ దీపనాలకూ, సంబోధనతో ముగిసే చోట ప్రశమన విసర్గాలకూ సహజమైన అవకాశం కనిపిస్తుంది. రాగనిర్దేశం లేకపోయినా వాక్యనిర్మాణమే స్వరగమనానికి దారి చూపుతుంది.

తక్కువ స్వరాలతో సాగే గానానికి కూడా ప్రాచీన శాస్త్రంలో పేర్లున్నాయి. ఒక స్వరంతో సాగేది ఆర్చికం, రెండింటితో గాథికం, మూడింటితో సామికం, నాలుగింటితో స్వరాంతరం. అయిదు స్వరాల ఔడవం, ఆరింటి షాడవం, ఏడింటి సంపూర్ణం ఆ తరువాతివి. మంత్రోచ్చారణ మొదలు రాగగానం దాకా ఇదంతా ఒకే సోపానం. పఠనం, గానం అనే రెండు గదులు లేవు, మెట్లే ఉన్నాయి. వచనాన్ని ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట నిలపడం కంటే, సందర్భాన్ని బట్టి పైకీ కిందికీ జరిగే రూపంగా భావించడం యుక్తం.

శ్రీవైష్ణవ ఆలయాచారం ఈ భావనకు బలమైన సమాంతరాన్ని అందిస్తుంది. ఆళ్వారుల దివ్యప్రబంధాన్ని ఆలయాలలో గోష్ఠిగా పఠిస్తారు. ఇది ఇయల్. శ్రీరంగం, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్ తిరునగరి వంటి చోట్ల అరయర్లు అదే పాఠాన్ని గానాభినయాలతో సేవిస్తారు. ఇది ఇసైకి చెందిన మార్గం. పాఠం ఒక్కటే, ప్రదర్శన రీతులు రెండు. రామానుజుల గద్యత్రయం కూడా శ్రీవైష్ణవులు నోటితో అనుసంధించే గద్యమే. శ్రీవైష్ణవుడైన కృష్ణమాచార్యునికి గద్యాన్ని ఆరాధనలో పలకడం కొత్త విషయం కాదు. దానిని తెలుగు నుడికారంలోకి తెచ్చి, నిత్యసంభాషణ స్వరాన్ని అందులో నిలపడమే ఆయన విశిష్టత.

6. నిబద్ధ గానం, రాజశాసనం

తాళగంధి రూపపు ప్రత్యేకత దాని ఎదుటనున్న నిబద్ధ రూపంతో పోల్చినప్పుడు మరింత తేటపడుతుంది. 12వ శతాబ్దికి చెందిన జయదేవుని గీతగోవిందం అష్టపదులకు రాగతాళ నిర్దేశం ఉంది. గాంగుల తరువాత కళింగాన్ని ఏలిన గజపతుల కాలంలో ఈ కావ్యం పూరీ జగన్నాథాలయ సేవలో ఏకైక గేయంగా నిలిచింది. ప్రతాపరుద్ర గజపతి 1499లో వేయించిన ఒడియా శాసనం ఆలయంలో గీతగోవిందం తప్ప వేరొక పాట నేర్వరాదనీ, పాడరాదనీ ఆదేశించింది. ఆ ఆదేశం వర్తించిన నర్తకీ బృందాలలో తెలంగ సంప్రదాయ బృందం కూడా ఉంది.

ఈ శాసనం నుండి రెండు విషయాలు గ్రహించవచ్చు. మొదటిది, తెలుగు కళాకారుల బృందం ఒకటి 15వ శతాబ్ది చివరికే పూరీ ఆలయ సేవలో ప్రత్యేక గుర్తింపుతో ఉన్నది. రెండవది, ఇతర గేయాలను నిషేధించవలసి వచ్చిందంటే అంతకుముందు అవి వాడుకలో ఉన్నట్లే. నిషేధం ఎప్పుడూ వాడుకకు పరోక్షసాక్ష్యం.

రాగతాళాలు నిర్ణయమైన గేయాన్ని బృందానికి నేర్పవచ్చు, తప్పొప్పులు పరీక్షించవచ్చు, ఆజ్ఞతో అమలు చేయవచ్చు. తాళం ఒక సమష్టి నియమం. నర్తకి అడుగు, మద్దెల దెబ్బ, గాయకుని పదం దానితోనే కలుస్తాయి. తాళగంధి వచనానికి ఆ నియమం లేదు. అది పలికేవాని ఊపిరిపై, విన్నవాని స్మృతిపై ఆధారపడింది. అందువల్ల నిబద్ధ గేయం కొలువు పొందినంత సులభంగా వచనం కొలువు పొందలేదు. మాట తాళపత్రంలో మిగిలి, పలుకుబడి జారిపోవడానికి ఈ నిర్మాణభేదం కూడా ఒక కారణమై ఉంటుంది.

7. తరువాతి ప్రదర్శన రూపాలు: పోలిక, పరిమితి

విజయనగరంలో 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తొలి అధ్యక్షులు. ఆయన తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత వహించారు. నారాయణదాసు తీర్చిదిద్దిన హరికథలో కీర్తన, పద్యం, వచనం ఒకదానివెంట ఒకటి వస్తాయి. కథకుడు కీర్తన ముగించి వచనంలోకి దిగినప్పుడు తాళం ఆగుతుంది గాని శ్రుతి ఆగదు. వచనం ఆ శ్రుతి నీడలోనే సాగి, మళ్లీ పద్యానికో కీర్తనకో దారితీస్తుంది.

హరికథా వచనం 13వ శతాబ్ది వచనగానానికి వారసత్వమని చెప్పడం సాహసమే. నడుమ ఆరు శతాబ్దాలున్నాయి. యక్షగానం, భజన సంప్రదాయం, మరాఠీ కీర్తన ప్రభావం ఉన్నాయి. నేడు వినిపించే ధ్వనిని వెనక్కు జరిపి మధ్యయుగానికి అంటగట్టడం పరిశోధనలో సులభంగా జరిగే పొరపాటు. అయితే హరికథను చారిత్రకాధారంగా కాక విశ్లేషణ నమూనాగా వాడుకోవచ్చు. తాళం లేనిచోట శ్రుతి, ఊనిక, విరామం వాక్యాన్ని ఎలా నిలబెడతాయో అది ప్రత్యక్షంగా చూపుతుంది. ఆ పరిశీలన సింహగిరి వచనాలను చదివేవారికి ఏ ప్రశ్నలు వేయాలో నేర్పుతుంది. జవాబులు మాత్రం వచనపాఠం నుండే రావాలి.

8. ముగింపు

పై పరిశీలన నుండి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• మధ్యయుగ సంగీతశాస్త్రం గద్యాన్ని గానపరిధిలోనే ఉంచింది. కనుక రాగతాళ నిర్దేశం లేదన్న కారణంతో సింహగిరి వచనాలను సంగీత అధ్యయనం నుండి మినహాయించడం శాస్త్రసమ్మతం కాదు.

• తాళగంధి అనే మాట ఒక ప్రశంస కాదు, లక్షణం. లయను సూచించి సడలించే వాక్యనిర్మాణానికి అది పేరు. మాత్రల లెక్కతో దానిని ప్రతి వచనంలోనూ పరీక్షించవచ్చు.

• నాట్యశాస్త్రంలోని పాఠ్యాంగాలు, శ్రీవైష్ణవ ఆలయాలలోని ఇయల్, ఇసై భేదం వచన ప్రదర్శనను ఊహించడానికి కావలసిన పరిభాషను ఇస్తున్నాయి.

• 16వ శతాబ్ది లక్షణాన్నీ, 20వ శతాబ్ది హరికథనూ 13వ శతాబ్దికి యథాతథంగా ఆపాదించరాదు. వాటి విలువ సాక్ష్యంగా కొంత, నమూనాగా కొంత.

సింహగిరి వచనాలను తరగతి గదిలో బోధించే అధ్యాపకుడు వాటిని మౌనంగా చదివించక గొంతెత్తి చదివిస్తే, విరామాలు ఎక్కడ పడుతున్నాయో, సమాంతర ఖండాలు ఎక్కడ తెగుతున్నాయో విద్యార్థులే గుర్తించగలుగుతారు. ఖండాలవారీగా మాత్రలను, క్రియాంతాలను, సంబోధనలను నమోదు చేసిన వచనపాఠం సిద్ధమైతే తాళగంధి లక్షణం చర్చ నుండి నిరూపణ దశకు చేరుతుంది. ఆ పని తెలుగు శాఖ, సంగీత శాఖ కలిసి చేయవలసినది. ఈ వచనాలను కన్న ఉత్తరాంధ్ర విద్యాసంస్థలు దానికి సహజమైన వేదికలు.